అడవియు యంత్రమును

యంత్రమును కొనుట సులభము. దానికి తగిన పనిని చూపుట కష్టము. మన దేశమువంటి వర్ధమానదేశములు స్వాతంత్ర్యము వచ్చిననాటినుండి ఈ పాఠమును నేర్చుచు, మరచుచు, మరల నేర్చుచున్నవి. అడవులయందు కలపను నరికి, ఈడ్చి, బాట చేర్చి, మిల్లునకు తరలించు పనిలో ఈ పాఠమునకుగల విలువ ఇంతింత యనరాదు. ఏలయన, మగ్గము విరిగినచో మరియొక మగ్గము చేయించుకొనవచ్చును. బావి పూడినచో మరియొక బావి త్రవ్వించుకొనవచ్చును. నూరేండ్లు పెరిగిన వృక్షము నిష్ప్రయోజనముగ కూలినచో, కొండమీది మట్టి ఒక్క వర్షర్తువులో ఏటిపాలైనచో, వానిని తిరిగి తెచ్చియిచ్చు వర్తకుడు ఏ దేశమునందును లేడు.

ఈ విషయమున రెండు పక్షములవారు కానవచ్చుచున్నారు. పాశ్చాత్యదేశములలోని నవీనయంత్రమును తెప్పించినగాని అభివృద్ధి లేదనువారు ఒకరు. గొడ్డలి, ఎద్దు, ఏనుగు దక్క తక్కినవన్నియు అడవికి శత్రువులనువారు మరియొకరు. ఉభయులును ప్రశ్నను తలక్రిందుగ నడుగుచున్నారని మా యభిప్రాయము. ఏ యంత్రము అను ప్రశ్న కడపట రావలసినది. ఏ యడవి, ఎన్ని చెట్లు, ఎవరి చేతులు, ఎవరికి లాభము అను ప్రశ్నలు దానికి ముందు రావలయును. ఈ వరుస తప్పినచోటనెల్ల అడవియు చెడినది, ధనమును చెడినది.

ముందుగా, లోకమున మిక్కిలి నవీనమని పేరొందిన కోతయంత్రము వాడుకలోనున్న దేశములను చూతము. స్వీడను, ఫిన్లండు దేశములలో కలపకోత దాదాపు పూర్తిగ యంత్రములచేతనే జరుగుచున్నది. ఒక్క మనిషి అద్దపుగదిలో కూర్చుండి, ఇనుపచేతిని చాపి, చెట్టును మొదట పట్టి కోసి, కొమ్మలను ఒలిచి, కొలతకు ముక్కలు చేయును. సామాన్యమైన చెట్టైనచో ఇదంతయు నిమిషములోపుననే ముగియును. వెనుకనుండి మరియొక యంత్రము ఆ ముక్కలను వీపున నెత్తుకొని బాటకు చేర్చును. చూచువానికి ఇది యింద్రజాలమువలె తోచును. కాని ఆ యింద్రజాలమునకు కారణములు గలవు. అచ్చటి చెట్లు పైను, స్ప్రూసు మొదలగు కొలది జాతులవి, ఒక్కయీడువి, నిటారుగ పెరిగినవి, మరీ లావైనవి కావు. అచ్చట కూలి మిక్కిలి హెచ్చు; మంచులో గొడ్డలి పట్టుటకు మనుష్యులు దొరకుట కష్టము. శీతకాలమున నేల గడ్డకట్టి బరువును మోయును. యంత్రమునకు కావలసిన విడిభాగము దగ్గరి పట్టణముననే దొరకును. కావున ఆ దేశములకు ఆ యంత్రము తగియున్నది. వారు తమ యవసరమును చూచుకొని తమ పనిముట్టును తామే తీర్చుకొనిరి. వారినుండి మనము నేర్వవలసినది ఆ వివేకమే.

ఉష్ణమండలపు సహజారణ్యము తీరు వేరు. అమెజాను, బోర్నియో ప్రాంతములలో ఒక్క హెక్టారున, అనగా రెండున్నర యెకరములలో, నూరుకు మించిన జాతుల చెట్లుండుట కలదు. అందు విపణిలో వెల పలుకునవి కొన్నియే. మధ్యాఫ్రికాలో హెక్టారుకు ఒకటి రెండు చెట్లు మాత్రమే నరకుట వాడుక; బోర్నియోలో ఎనిమిది పది, కొన్నిచోట్ల అంతకు హెచ్చు. కొనదగిన చెట్టు ఒకటి, దాని చుట్టును కాపాడవలసిన చెట్లు నూరు. తీగెలు ఒక చెట్టుతలను మరియొక చెట్టుతలకు ముడివేసియుండును. ఒకటి కూలినచో ప్రక్కవానిని గూడ తనతో లాగుకొని పోవును. నేల యేడాదిలో సగముకాలము తడిసియుండును. దానిపై బరువైన ట్రాక్టరు పోయినచో మన్ను అణగి రాయివలె గట్టిపడి, అందు విత్తనము మొలకెత్తుట దుర్లభమగును.

మరియొక విషయమును మరువరాదు. లోకమున ఏటేట నరకబడు కలపలో ఇంచుమించు సగము వంటచెరకే. ఆఫ్రికాలో పదింట తొమ్మిదివంతులు అట్టిదే. అడవిపనిముట్టన్న మాట వినగానే మన పట్టణవాసులకు పెద్దయంత్రము కన్నులయందు మెదలును. నిజమునకు కోట్లమంది చేతిలోనున్న పనిముట్టు మొండికత్తి. వారి వాహనము తలమీది మోపు. ఆ మోపు మోయునది తరచుగ స్త్రీ. ఆ కత్తికి మంచి పదును, ఆ మోపునకు ఒక తోపుడుబండి, ఆ పొయ్యికి తక్కువ చెరకుతో మండు గుణము కలిగించుట కూడ అడవిశాస్త్రములో భాగమే. ఘనమైన ప్రణాళికలు వ్రాయువారు ఈమెను తమ లెక్కలలో చేర్చుట అరుదు.

ఇక ధనము మాట. కోట్ల రూపాయల వెలగల యంత్రము అప్పుమీద వచ్చును. అది పనిచేసినను, చేయకున్నను వడ్డీ పెరుగుచునే యుండును. వర్షాకాలమున నిలిచిపోయినను, విడిభాగమునకై సముద్రము దాటి ఉత్తరము పోయి మాసములు గడచినను వడ్డీ ఆగదు. అప్పుడు యజమాని యేమి చేయును? యంత్రము తిరుగుటకై చెట్లను వెదకును. ఏటికి ఇన్ని చెట్లు నరకవచ్చునని అడవి చెప్పవలసియుండగా, ఇన్ని చెట్లు నరకవలయునని బ్యాంకు చెప్పును. పెట్టుబడి కొలతకు మించినచో కోతయు కొలతకు మించును. ధనికదేశముల సహాయముగ వచ్చిన యంత్రమునకును ఇదే గతి. దానము ఒకసారి వచ్చును, దాని తిండి ప్రతిదినము పెట్టవలయును.

ఇంతమాత్రమున పాతపనిముట్టును పూజింపవలయునని మేము చెప్పుటలేదు. గొడ్డలితో లావైన మానును నరకునపుడు మంచికలప చాలభాగము పేళ్లుగ రాలిపోవును. మోడు నడుమెత్తున మిగులును. ఆ వ్యర్థము ఎవరి లెక్కలోనికిని రాదు. పదునులేని రంపమును లాగుచు దినమంతయు వంగియుండు కూలివాని వెన్ను అంతకంటె ముందే మోడగును. కూలి చవుక కావున మనుష్యులచేతనే చేయించుట తగిన పద్ధతియని వాదించువారు మన చరిత్రను ఒకమారు చదువవలయును. మన మన్యములో 1922 ఆగష్టున అల్లూరి సీతారామరాజు నాయకత్వమున పొడమిన తిరుగుబాటునకు పోడుసేద్యముపై అటవీశాసనములు పెట్టిన నిర్బంధము ఒక కారణము; కొండబాటలు వేయుటకు గిరిజనులచేత చాలీచాలని కూలికి చేయించిన చాకిరి మరియొక కారణము. అడవినుండి కలప రావలెనన్నచో ముందు బాట రావలయును; ఆ బాటను ఎవరు వేసిరి, ఏ కూలికి వేసిరి అను ప్రశ్న నుండియే అడవిపని ధర్మాధర్మములు మొదలగును. ఆకలికూలిమీద నిలిచిన పద్ధతికి తగిన పద్ధతియను పేరు చెల్లదు.

ఈ రెంటినడుమ నున్న మెట్లనే మన దేశములు తరచుగ చూడకపోవుచున్నవి. గొడ్డలికిని కోట్ల యంత్రమునకును మధ్య గొప్పనిచ్చెన యొకటి కలదు. పండ్లకు సరియైన కోణమున పదును పెట్టిన ఇద్దరు లాగు రంపము ఒక మెట్టు. చెట్టు కోరినదిక్కుకు పడుటకు కోతలో దిగగొట్టు చీలయు, దుంగను దొర్లించు కొక్కెపుకఱ్ఱయు ఒక మెట్టు. దుంగ ముందుకొనను నేలనుండి ఎత్తిపట్టు రెండుచక్రముల బండి ఒక మెట్టు. ఎద్దు, దున్న, ఏనుగు ఒక మెట్టు. సేద్యపు ట్రాక్టరునకు తగిలించిన ఉక్కుతాటిచుట్ట ఒక మెట్టు. నిటారుకొండలపై ట్రాక్టరునకు బాట త్రవ్వినచో కొండయే జారును; అట్టిచోట వాలుమీదుగ గాలిలో కట్టిన ఉక్కుతాటి మార్గము ఒక మెట్టు; భూటాను కొండలలో దానిని వాడుచున్నారు. అంతర్జాతీయ కార్మికసంస్థ ఫిన్లండు సహాయముతో ఫిలిప్పీను దీవులలో 1970వ దశకమున మెరుగుపరచిన చేతిపనిముట్లను యంత్రములతో పోల్చి పరీక్షింపజేసినది. మంచి యుక్కు, మంచి పదును, కొంత శిక్షణ చేరినచో సన్నకలప పనిలో చేతిపనిముట్లు వ్యయమునందును పోటీకి నిలువగలవని ఆ పరిశీలనవలన తెలిసినది. కాని రంపమునకు పదును పెట్టుట నేర్పు పాఠశాలకు ప్రారంభోత్సవము చేయుట యే మంత్రికిని ఘనతగ తోపదు. పెద్దయంత్రమునకు పూలమాల వేయుట తోచును.

తగిన పద్ధతి యెట్లుండునో, అది యెట్లు చెడునో తెలుపుటకు బర్మాకంటె మంచి యుదాహరణము లేదు. ఆ దేశము తెలుగువారికి పరాయిది కాదు. కోరంగిరేవునుండి ఓడలెక్కిపోయిన మనవారు రంగూను రేవులలోను, ధాన్యపుమిల్లులలోను, కలపమిల్లులలోను చెమటోడ్చిరి. ఆ మిల్లులకు వచ్చు టేకును అడవినుండి తెచ్చిన పద్ధతి యిట్టిది. 1856లో పెగూ అడవుల యధికారిగ వచ్చిన డీట్రిక్ బ్రాండిస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, అడవిని భాగములుగ విభజించి, నియమితమైన చుట్టుకొలత మించిన చెట్లను మాత్రమే గుర్తించి నరకు విధానమునకు పునాది వేసెను. పచ్చిటేకు నీట తేలదు. కావున గుర్తించిన చెట్టుమొదట బెరడును, దానిలోని పచ్చికొయ్యను చుట్టును తొలగించి, నిలిచినచోటనే సుమారు మూడేండ్లు ఎండనిచ్చెడువారు. తరువాత కూల్చిన దుంగను ఏనుగు సన్నని జాడవెంట ఈడ్చి వాగున చేర్చును. వర్షాకాలపు వరద దానిని నదికి చేర్చును. నదిమీద తెప్పలుగ కట్టి రేవునకు తెచ్చెదరు. మన గోదావరిమీద భద్రాచలము వైపునుండి కలపయు వెదురును రాజమహేంద్రవరమునకు తెప్పలుగ దిగివచ్చిన రోజులు ఎరిగినవారికి ఈ చిత్రము క్రొత్తది కాదు.

ఇందలి వివేకమును గమనింపుడు. ఏనుగునకు వెడల్పైన బాట అక్కరలేదు, పెట్రోలు అక్కరలేదు, దాని మేత ఆ యడవిలోనే యున్నది. వేసవిలో దానికి విశ్రాంతి. అడవికిని అప్పుడే విశ్రాంతి. దానిని నడపు విద్య తండ్రినుండి కొడుకునకు వచ్చును. నదియే రహదారి, వరదయే యింజను. నూరేండ్లకుపైగ ఈ పద్ధతిన టేకు వచ్చినను అడవి నిలిచియున్నది.

మరి యీ పద్ధతి యెట్లు చెడినది? ఏనుగు మారలేదు, ఏలికల యాశ మారినది. 1990 తరువాత విదేశద్రవ్యమునకై నియమితమైన సంఖ్యకు మించి చెట్లు నరకబడెను, గుత్తదారులు లారీలతోను, మన్నుత్రోయు యంత్రములతోను ప్రవేశించిరి, దొంగకోత ప్రబలెను. తుదకు 2014 ఏప్రిలు 1 నుండి దుంగల యెగుమతిని ఆ ప్రభుత్వమే నిషేధింపవలసివచ్చినది. 2016లో దేశమంతటను కొన్నినెలలు, పెగూ కొండలలో పదియేండ్లు కోతను నిలుపుదల చేసిరి. వేలకొలది ఏనుగులు, వాని మావటీలు పనిలేక నిలిచిపోయిరి. ఈ కథనుండి మనకు తేలునది యిది: ఎంత సౌమ్యమైన పనిముట్టైనను లెక్కదప్పిన కోతనుండి అడవిని రక్షింపజాలదు. లెక్క ముందు, పనిముట్టు పిదప.

ఇందుకు రెండవవైపు సాక్ష్యము బ్రెజిలునుండి వచ్చుచున్నది. అమెజాను తూర్పుభాగమున పరగొమినాస్ ప్రాంతమున రెండువిధములైన కోతలను ప్రక్కప్రక్కన పెట్టి శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. రెంటియందును యంత్రములు గలవు. ఒకచోట వాడుకప్రకారము నరకువాడు నరకుచు పోవును. ట్రాక్టరువాడు ఆ దుంగలను వెదకుచు అడవియంతయు తిరుగును. కొన్ని దుంగలు అతనికి కనబడనే కనబడవు. ప్రాణము తీసిన చెట్టు పడినచోటనే క్రుళ్లును. రెండవచోట, ముందుగ చెట్లన్నిటిని లెక్కించి పటము గీచిరి. కోతకు చాలముందే తీగెలను తెంచిరి. ట్రాక్టరు పోవలసిన జాడలను గుర్తించిరి. చెట్టును కోరినదిక్కున పడగొట్టుట పనివారికి నేర్పిరి. 2002లో ప్రకటింపబడిన ఆ లెక్కలప్రకారము, జాగ్రత్తగ చేసిన పనికే ఘనపుమీటరుకు నూటికి పండ్రెండువంతులు తక్కువ వ్యయమైనది. బోర్నియోలోని సబారాష్ట్రమున 1992లో మొదలిడిన ఇట్టి ప్రయత్నమునందును మిగిలిన చెట్లకు కలుగు నష్టము ఇంచుమించు సగమునకు తగ్గినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ 1996లో ప్రకటించిన అడవికోత నియమావళి సారమును ఇదియే. పటము, సుద్ద, రంగుడబ్బా, నేర్పుగల మనిషి: వీనికి విదేశపు అప్పు అక్కరలేదు.

ఈ విచారణలో గొలుసురంపమును విడువరాదు. పెట్రోలుతో నడచి ఒక్కడు మోయగల ఈ రంపము పేదదేశముల అడవులలో గొడ్డలిని వేగముగ తొలగించుచున్నది. వెల అందుబాటులో నున్నది, పని పదింతలు. కాని అది ప్రమాదకరమైన పనిముట్టు. కొన తగులరానిచోట తగిలినచో వెనుకకెగిరి మనిషినే కోయును. అదురు వ్రేళ్లనరములను, మోత చెవులను చెరచును. రంపము వేలరూపాయలకు కొని, శిరస్త్రాణమునకును, కాలికవచమునకును, పదిదినముల శిక్షణకును డబ్బులేదను యజమాని తన లెక్కలో మనిషి ప్రాణమును సున్నగ వ్రాసికొన్నవాడు. నిషేధించినచో పోవునా యన్నచో, ఘానాదేశపు అనుభవము చూడుడు. గొలుసురంపముతో అడవిలోనే పలకలు కోయుటను ఆ దేశము 1998లో నిషేధించినది. మిల్లులు మంచికలపను ఎగుమతికి పంపుచుండగా ఊరిజనుల యిండ్లకు పలకలు కావలసియుండెను. కావున నిషేధము కాగితముపైననే మిగిలి, పని చీకటిలో సాగినది. జనుల యవసరమును చూడని పద్ధతి శాసనముచేత గూడ నిలువదు.

ఇక మన యింటిమాట. తెలంగాణమునకు ఆనుకొనియున్న గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అను గోండుగ్రామము అటవీహక్కుల శాసనముక్రింద తన యడవిపై సాముదాయికహక్కును సంపాదించి, 2011లో తన వెదురును తానే అమ్ముకొను యధికారము పొందినది. అచ్చటి పనిముట్టు కత్తియే, క్రొత్తది పత్రము. ఆ పత్రము చేతికి వచ్చుటతో అదే కత్తిపట్టు చేయి కూలివానిదిగాక యజమానిదైనది. బొంబాయి రాష్ట్రమున 1947లో ఖేర్ గారి ప్రభుత్వము గుత్తదారుల బదులు అడవికూలీల సహకారసంఘములకు కోతను అప్పగించుట మొదలిడినది గూడ ఈ తలంపుతోనే.

మన మైదానములలో పరిస్థితి మరియొకరీతిగ నున్నది. మన కాగితపుమిల్లులకు వచ్చు కలపలో పెద్దభాగము నేడు రైతుల సరుగుడు, సుబాబులు, జామాయిలు తోటలనుండి వచ్చుచున్నది. ఒక్కజాతి, ఒక్కయీడు, సమమైన నేల. ఇచ్చట యంత్రమునకు చోటున్నది. బెరడు ఒలుచుపని, లారీకెత్తుపని నడుములు విరుచునవి. వానిని యంత్రము చేసినచో తప్పులేదు. కాని ఆ యంత్రము ఎవరిది కావలయును? మిల్లుదియో దళారిదియో అయినచో, కూలి పోయినవారికి మిగులునది ఖాళీచేతులు. నరకువారి సంఘముదో, రైతుల సంఘముదో అయినచో, మిగిలిన శ్రమ వారికే యాదాయమగును. యంత్రముతోపాటు దాని బాడుగ యెవరి యింటికి పోవునో వ్రాసికొననిదే యే ప్రణాళికను ఆమోదింపరాదని మేము హెచ్చరించుచున్నాము.

కావున ప్రభుత్వములు గాని, అటవీసంస్థలు గాని యంత్రమును కొనుటకు ముందు కొన్ని ప్రశ్నలకు బహిరంగముగ సమాధానము చెప్పవలయును. ఈ యడవి ఏటికి ఎన్నిచెట్లను ఈయగలదో లెక్క కట్టిరా? ఆ సంఖ్యకు ఈ యంత్రము సరిపోవునా, లేక యంత్రమునకై సంఖ్యను పెంచవలసివచ్చునా? నేల దీని బరువును వర్షమున మోయునా? విడిభాగము ఏ ఊరిలో దొరకును, బాగుచేయువాడు ఎవడు? దీనికంటె క్రిందిమెట్టునున్న పనిముట్టును మెరుగుపరచి చూచిరా? దీనివలన పని పోవువారెందరు, వారికి చూపిన దారియేది? దీనిని నడపువాడు సాయంకాలము క్షేమముగ ఇల్లు చేరుటకు ఏమి యేర్పాటు? ఈ ప్రశ్నలకు సమాధానము లేనిచోట యంత్రము ఎంత చవుకగ వచ్చినను ప్రియమే.

గాంధీమహాత్ముడు యంత్రములను ద్వేషించెనని చెప్పువారు ఆయన 1924లో కుట్టుమిషనును తన యాక్షేపణనుండి మినహాయించెనని మరచుచున్నారు. ఆయన గీచిన గీత పాతక్రొత్తలకు నడుమ గీచినది కాదు. మనిషికి తోడగు యంత్రమునకును, మనిషిని నిరుపయోగిని జేయు యంత్రమునకును నడుమ గీచినది. అడవివిషయమున ఆ గీతకు మరియొక గీతను చేర్చవలసియున్నది: రేపటి చెట్టును మిగుల్చు యంత్రము, మిగుల్పని యంత్రము.

పఠనాలయములలో ఈ పుటను చదువు పట్టణవాసులకు అడవి దూరమున నున్నట్లు తోచవచ్చును. వారి యింటి ద్వారబంధమును, వారి చేతిలోని ఈ కాగితమును ఏదో యొక చెట్టునుండియే వచ్చినవి. ఆ చెట్టు ఎట్లు నరకబడినది, నరకినవానికి ఏమి ముట్టినది అని యడుగు హక్కు కొనువానికి కలదు. శాసనసభ్యుడు ఓటునకు వచ్చినపుడు, టెండరు ప్రకటన పత్రికలో వచ్చినపుడు, అడవిబాటకు డబ్బు మంజూరైనపుడు ఈ ప్రశ్నలను అడుగుడు. అడుగువారు లేనిచోట అడవి నిశ్శబ్దముగ పోవును. పోయిన పిదప ఎంత మంచి యంత్రమైనను దానికి పని యుండదు.